రెండు విభాగాలు, ఒక తూము: నా పీహెచ్‌డీ అనుభవం

పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఇది ఇంజినీరింగా, సోషియాలజీనా? ముందు అది తేల్చమ్మా." నేను సివిల్‌లో ఎంటెక్ చేశాను, జలవనరులు నా స్పెషలైజేషన్. ప్రపోజల్‌లో మాత్రం రెండు విషయాలు రాసుకెళ్లాను. జనగామ వైపు ఒక గొలుసుకట్టు చెరువుల్లోకి నీళ్లు ఎన్ని వస్తున్నాయి, ఎన్ని పోతున్నాయి అన్నది ఒకటి. ఆ నీళ్లను ఊళ్లు ఎలా పంచుకుంటున్నాయి అన్నది రెండోది. బోర్డులో ఒకరికి మొదటి సగం నచ్చింది, ఇంకొకరికి రెండో సగం నచ్చింది. మొత్తంగా నచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. బయటికి వచ్చాక ఒక సీనియర్ "రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు, ఆలోచించుకో" అన్నాడు. సీటు మాత్రం ఇచ్చారు.

గైడ్ సారుది హైడ్రాలజీ, కో-గైడ్ మేడంది సామాజిక శాస్త్రం. ఇద్దరూ మంచివాళ్లే. కానీ దేన్ని రుజువు అనాలి అన్న దగ్గర ఇద్దరికీ అస్సలు పొంతన లేదు. సారుకు గ్రాఫ్ కావాలి. మోడల్ చెప్పిన నీళ్లకూ కొలిచిన నీళ్లకూ మధ్య నాష్-సట్‌క్లిఫ్ విలువ (రెండూ ఎంత బాగా కలిశాయో చెప్పే కొలత) ఎంతొచ్చింది అన్నది ఆయన మొదటి మాట. అది 1కి దగ్గరగా ఉంటే ముఖం వెలిగేది. సున్నాకు దిగితే "ఈ మాత్రానికి సగటు చెప్పినా సరిపోయేదిగా" అనేవారు. మేడం గ్రాఫ్ పక్కన పెట్టి అడిగేవారు: "ఈ మాట ఎవరు చెప్పారు? ఆయన పొలం కట్ట దగ్గరా, ఆయకట్టు చివరా? అప్పుడు పక్కన ఎవరున్నారు?" కోర్సువర్క్ కూడా అంతే. కనీసం 12 క్రెడిట్లు పూర్తి చేయాలి కాబట్టి పొద్దున నేలలో నీళ్లు ఎలా కదులుతాయో చెప్పే డార్సీ సూత్రం, మధ్యాహ్నం ఇంటర్వ్యూ చేసే పద్ధతులు. రెండు క్లాసుల్లోనూ నేనే బయటి మనిషిని.

అసలు కష్టం డేటా దగ్గర మొదలైంది. పెద్ద ప్రాజెక్టులకు రోజువారీ లెక్కలు ఉంటాయి. ఊరి చెరువులో నిన్న ఎన్ని నీళ్లున్నాయో రాసిపెట్టేవాళ్లు ఎవరూ లేరు. అందుకని శాటిలైట్ చిత్రాల మీద పడ్డాను. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక గడి (పిక్సెల్) 30 మీటర్లు, సెంటినెల్-2లో 10 మీటర్లు. చిన్న చెరువుకు 10 మీటర్లదే నయం. కానీ చెరువు నిండేది వానాకాలంలో, అప్పుడే ఆకాశమంతా మబ్బులు. దాంతో మబ్బుల్లోంచి కూడా చూడగల సెంటినెల్-1 రాడార్‌కు మారాను. అందులో ఇంకో తిరకాసు: గుర్రపుడెక్క కమ్మిన నీళ్లు రాడార్‌కు నేలలా కనిపిస్తాయి.

నీటి వైశాల్యం తెలిస్తే చాలదు, లోతు కూడా తెలియాలి. ఎండాకాలం చెరువు ఎండగానే డీజీపీఎస్ (పోల్‌కు బిగించి, ఎత్తును కచ్చితంగా కొలిచే జీపీఎస్) పట్టుకుని అడుగంతా తిరిగి కొలిచాం. పూడికలో పోల్ కూరుకుపోతుంటే ప్రతి పాయింట్ దగ్గరా దాని కింద ఒక బండముక్క పెట్టడం, రీడింగ్ రాగానే ఆ ముక్కను చేత్తో పట్టుకుని ముందుకు నడవడం. మిషన్ కాకతీయ 2015 మార్చిలో మొదలైంది, తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలన్నది లక్ష్యం. పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు. మా చెరువులో ట్రాక్టర్ సులువుగా దిగే వైపు గుంతలు లోతుగా ఉన్నాయి, అటు మత్తడి వైపు పూడిక అలాగే ఉంది. కాగితం మీది పాత కెపాసిటీ లెక్క ఇక దేనికీ పనికిరాదు.

పడిన వాన నీళ్లు ఎటు, ఎంత పోతాయో లెక్కగట్టే స్వాట్ అనే కంప్యూటర్ మోడల్‌లో ఇవన్నీ పెట్టి నడిపితే వానాకాలం శాటిలైట్ లెక్కతో బాగానే కలిసింది. యాసంగి మాత్రం కలవలేదు. నాట్లు పడ్డాక తూము ఎత్తుతారు, నీళ్లు దిగుతాయి అన్నది మోడల్ లెక్క. శాటిలైట్‌లో చూస్తే జనవరి, ఫిబ్రవరి నెలల్లో చెరువు పెద్దగా తగ్గనేలేదు. సారు ఆవిరి లెక్క మళ్లీ చూడమన్నారు, చూశాను. ఊట లెక్క చూడమన్నారు, అదీ చూశాను. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

జవాబు కట్ట మీద దొరికింది. వెనకటికి నీరటిగా (తూము ఎత్తి పొలాలకు నీళ్లు పంచే మనిషిగా) చేసిన ఒక పెద్దాయనను తూము ఎప్పుడు ఎత్తారని అడిగితే నవ్వాడు. "యాడ ఎత్తిండ్రు బిడ్డా? ఎత్తితే బోర్లు ఎండుతయని ఎత్తనియ్యలే." తూము దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. తలుపు రాడ్ చుట్టూ తుప్పు, దాని మీద ఎండిన నాచు. ఆ సీజన్‌లో దాన్ని ఎవరూ కదిపినట్టు లేదు.

తర్వాత తవ్వేకొద్దీ కథ పెద్దదైంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు రావడంతో ఆయకట్టులోనే బోర్లు వేసుకున్నవాళ్లకు కాలువ నీళ్ల అవసరం తగ్గింది. చెరువు నిండుగా ఉంటే ఊట దిగి బోర్లు పోస్తాయి, వాళ్లకు అది చాలు. ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది కాబట్టి చేపలు పట్టేవాళ్లకూ నీళ్లు ఎండాకాలం దాకా ఉండాలి. శిఖం (చెరువు లోపలి భూమి) పట్టాదారులది ఇంకో గోల: నీళ్లు వెనక్కి తగ్గితేగానీ వాళ్లు విత్తనం వేయలేరు. బోరు లేని చివరి ఆయకట్టు రైతు తూము ఎత్తమంటాడు, అతని మాట వినేవాళ్లు లేరు. ఇదివరకు ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో అందరూ కూర్చుని తైబందీ చేసేవారు. ఇప్పుడు అలా కూర్చోవడమే మానేశారు.

మోడల్‌లో "బయటికి పోయే నీళ్లు" అని నేను ఒక్క సమీకరణంతో రాసిన చోట ఇంతమంది ఉన్నారు. నా రెండు సగాలూ కలిసింది అక్కడే. ఇంటర్వ్యూల నుంచి ఏ చెరువు తూము ఏ సీజన్‌లో ఎత్తారో, ఎందుకు ఎత్తలేదో పట్టిక వేశాను. దాన్ని శాటిలైట్‌తో సరిచూసి, తూము ఎత్తే నియమాన్ని చెరువు చెరువుకూ విడిగా మోడల్‌కు ఇచ్చాను. యాసంగి గ్రాఫ్ దారికొచ్చింది. రివ్యూ కమిటీలో ఒకరు "ఇంటర్వ్యూ డేటా ఎలా అవుతుంది?" అన్నారు. ఆ రోజు జవాబు చెప్పింది నేను కాదు, హైడ్రాలజీ సారు.

ఈ తరహా పనికి అప్పటికే ఒక పేరుందని ఆలస్యంగా తెలిసింది. మురుగేశు శివపాలన్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు 2012లో సోషియో-హైడ్రాలజీ అన్నారు. అంతకు చాలా ముందే రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లా కాలువ గ్రామాల్లో తిరిగి, నీళ్లు సరిగ్గా అందని చివరి ఊళ్లే ఎక్కువగా కట్టుబాట్లు పెట్టుకున్నాయని చూపించాడు. ఇవి ముందే చదివి ఉంటే ఇంటర్వ్యూలో కొంచెం ధైర్యంగా మాట్లాడేదాన్ని.

పేపర్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. హైడ్రాలజీ జర్నల్ "మా పరిధి కాదు" అంది, సామాజిక శాస్త్రాల జర్నల్ సమీకరణాలు ఎక్కువయ్యాయంది. 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ తీసేసినా, కమిటీలో "పేపర్లెన్ని?" అన్న ప్రశ్న పోలేదు. చివరికి తూము అధ్యాయం ఒక్కటే విడిగా పంపితే తీసుకున్నారు. నెలనెలా వచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి 31 వేలు కాస్తా 37 వేలైంది, కానీ చేతికి అందడానికి నెలలు పట్టేది. ఫీల్డ్ ఖర్చుకు అన్నయ్య దగ్గర చేబదులు తీసుకున్నాను.

వైవా సాఫీగానే జరిగింది. ఇప్పుడు ఉద్యోగాల వేట. నోటిఫికేషన్‌లో "సంబంధిత సబ్జెక్టులో పీహెచ్‌డీ" అని ఉంటుంది. ఏది సంబంధితమో తేల్చేది అక్కడి కమిటీ. ఇలాంటి పీహెచ్‌డీలో చేరేవాళ్లు డిగ్రీ మీద ఏ విభాగం పేరు వేస్తారో మొదటి సెమిస్టర్‌లోనే కాగితం మీద రాయించుకోండి. నాకు సివిల్ అని వేశారు కాబట్టి దరఖాస్తు పెట్టుకోగలుగుతున్నాను. నా జూనియర్‌కు జలవనరులు అని వేశారు, పాపం ప్రతి దరఖాస్తుతోనూ ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ (ఆ డిగ్రీ సివిల్‌తో సమానమన్న కాగితం) జతచేయాల్సి వస్తోంది.