పటిక మూడు, జిగురు ఏడు

పదహారు రోజులు కూర్చుని వేసిన తామరపువ్వు మీద ఒక శుక్రవారం మధ్యాహ్నం నల్లటి చుక్కలు లేచాయి. ఆవగింజంత చుక్కలు. రెండో రేకు మీద నాలుగు, ఆకు మీద లెక్కలేనన్ని. పొద్దున లేవు. పలచటి నీలం పూత వేసి, అది ఆరేలోగా టీ పెట్టుకుందామని వెళ్లి వచ్చేసరికి ఉన్నాయి. బ్రష్ దులిపానేమో, మా పాప ఏమన్నా చల్లిందేమో అనుకున్నా. గోటితో గీకి చూశా. పోలేదు. కాగితం లోపలికి ఇంకిపోయిన మచ్చలు అవి.

ఫొటో తీసి లావ్‌షీకి పంపా. లావ్‌షీ అంటే చైనీస్‌లో టీచరు, మా టీచరమ్మ. అక్కడ టీచర్లను పేరు పెట్టి పిలవరు, నేనూ పిలవను. రెండే అక్షరాల్లో జవాబు వచ్చింది. ఫోన్‌లో అనువాదం చేస్తే "పటిక కారింది" అని చూపించింది.

మాది శ్రీకాళహస్తి. నాన్న కలంకారీ పని చేస్తాడు. పటిక నీళ్ల వాసనలో పెరిగినదాన్ని. అయినా కాగితంలోంచి పటిక కారడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

మా ఆయన ఉద్యోగం వల్ల 2023లో చైనాలోని హాంగ్‌జౌ వచ్చాం. మొదట్లో భాష రాక ఇంట్లోనే ఉండేదాన్ని. తర్వాత మెల్లగా వెస్ట్ లేక్ చుట్టూ తిరగడం అలవాటైంది. ఆ సరస్సు పక్కనే నాన్‌షాన్ రోడ్డులో 1928లో పెట్టిన పెద్ద చిత్రకళా కళాశాల ఉంది. దాని చుట్టుపక్కల కాగితాలు, సిరా, కుంచెలు అమ్మే కొట్లు. ఒక కొట్టులో కుంచె నీళ్లలో ముంచి గీత వేసి చూస్తుంటే, పక్కన ఒకావిడ నా చేతినే చూస్తోంది. నేను కుంచెను కలంలా పట్టుకున్నా, మొనకు దగ్గరగా, వేళ్లతో నొక్కుతూ. ఆవిడ నవ్వి, ఇలా ఎవరు నేర్పారని సైగ చేసింది. ఫోన్‌లో నాన్న పని చేస్తున్న ఫొటోలు చూపించా. ఒక్కొక్కటీ పెద్దది చేసి చాలాసేపు చూసింది. తన స్టూడియో అడ్రసు రాసిచ్చింది.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. గొంగ్‌బీ పద్ధతిలో వేస్తుంది. సన్న గీతతో ఆకారం కట్టి, దాని లోపల పలచటి రంగును పొర మీద పొరగా నింపే పద్ధతి అది. పూర్వం చైనాను ఏలిన సాంగ్ రాజుల ఆస్థానంలో పక్షుల్నీ పువ్వుల్నీ ఇలాగే వేసేవారు. హాంగ్‌జౌ ఆ వంశంలో తర్వాతి వాళ్లైన దక్షిణ సాంగ్ రాజుల రాజధాని కూడా. మా లావ్‌షీ అదే గీతతో, అవే రంగులతో ఏసీల అవుట్‌డోర్ యూనిట్లు వేస్తుంది. పన్నెండో అంతస్తు బాల్కనీలో ఆరేసిన బొంతలు, తుప్పు కారిన గోడ, ఏసీ డబ్బా మీద రెండు తెల్లతల పిగిలిపిట్టలు. ఆ తెల్లతల పిట్టల జంట చైనా బొమ్మల్లో పాత సంకేతం, తల నెరిసేదాకా కలిసి బతకమని పెళ్లిళ్లకు ఇచ్చే బొమ్మ. వాటిని పియోనీ పూలకొమ్మ మీద కూర్చోబెట్టాలి. ఈవిడ ఏసీ మీద కూర్చోబెట్టింది. ఎందుకని అడిగితే, "సాంగ్ వాళ్లు వాళ్ల కిటికీలోంచి కనబడింది వేశారు, నేను నా కిటికీలోంచి కనబడింది వేస్తున్నా" అంది. అంతే. అలాంటి బొమ్మ ఒక్కటి పూర్తి కావడానికి ఆవిడకు మూడు నాలుగు నెలలు పడుతుంది.

మొదటి రెండు నెలలు నాకు రంగు ఇవ్వలేదు. గీతలే. మా కలానికి వెదురు పుల్ల చుట్టూ దూది, గుడ్డ చుట్టి ఉంటుంది, నొక్కితే సిరా దిగుతుంది. వేళ్లకు ఎంత బలం ఇవ్వాలో చిన్నప్పుడే తెలిసిపోతుంది. ఈ కుంచె అలా కాదు. నొక్కితే గీత లావెక్కుతుంది. నిటారుగా పట్టుకుని, మణికట్టు కదలకుండా చెయ్యి మొత్తం జరపాలి. నా గీతలు చూసి లావ్‌షీ ఒకటే మాట అనేది: "నువ్వు గుడ్డ మీద గీస్తున్నావు." అవమానంగా ఉండేది కానీ నిజమే. గుడ్డ గీతను పట్టుకుని ఆపుతుంది. ఈ కాగితం ఏదీ పట్టుకోదు.

జూన్‌లో తామరపువ్వు ఇచ్చింది. దక్షిణ సాంగ్ కాలం నాటి పట్టు బొమ్మ, అసలుది బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. జానెడు పైచిలుకు విసనకర్ర బొమ్మ. గులాబీ రంగు తామర ఒకటి పూర్తిగా విచ్చుకుని ఉంటుంది, కింద ఆకులు, కాడలు. గొంగ్‌బీ నేర్చుకునేవాళ్లందరూ దీన్ని చూసి వేయాల్సిందే. మనకి సంగీతంలో సరళీ స్వరాల్లాగా అందామంటే అంత తేలిక కాదు. రేకుల అంచు గీత ఎక్కడుందో భూతద్దంతో వెతకాలి. గీత ఉంది, కానీ రంగులో కరిగిపోయింది.

మచ్చలొచ్చింది ఆ బొమ్మ మీదే. మరుసటి రోజు కాగితం చుట్టుకుని స్టూడియోకి వెళ్లా. ఆవిడ వెనక్కి తిప్పి, వెలుతురుకు పట్టుకుని, "ఎప్పుడు కొన్నావు, ఎక్కడ పెట్టావు" అని అడిగింది. చౌకగా వస్తున్నాయని పాత స్టాకు పది షీట్లు కొని, వాషింగ్ మెషిన్ పక్క అల్మరాలో పెట్టానని చెప్పా. ఆవిడ కళ్లు మూసుకుంది.

సంగతేమిటంటే మేం బొమ్మలు వేసే ఈ కాగితాన్ని షుయెన్ అంటారు, అందులో రెండు రకాలు. అన్‌హుయ్ రాష్ట్రంలో జింగ్ కౌంటీలో నీలి చందనం అనే చెట్టు బెరడు, వరిగడ్డి కలిపి చేస్తారు (చందనమంటే పేరుకే, మన గంధపు చెట్టుతో దానికి సంబంధం లేదు). చేసింది చేసినట్టు ఉంటే "పచ్చి" కాగితం. సిరా చుక్క పడితే పువ్వులా విచ్చుకుంటుంది, కొండలూ మేఘాలూ వేసేవాళ్లకు అదే కావాలి. గొంగ్‌బీకి అది పనికిరాదు. జిగురు, పటిక కలిపిన నీళ్లు పూసి ఆరబెడితే "ఉడికిన" కాగితం అవుతుంది. అప్పుడు నీళ్లు పైనే నిలుస్తాయి. ఆ పూత పాతబడితే, తేమ తగిలితే అక్కడక్కడ విడిపోతుంది. ఆ చోట రంగు లోపలికి దిగి మచ్చ కడుతుంది. పొడి కాగితం మీద ఏమీ కనబడదు. రంగు పూసినప్పుడే బయటపడుతుంది, అదీ ఎంతో పని అయ్యాక.

పైగా అది జూన్ నెలాఖరు. అక్కడ ప్లమ్ జాతి పళ్లు పండే రోజుల్లో వారాల తరబడి ముసురు పడుతుంది, "మెయ్‌యూ" అంటారు. మెయ్ అంటే ఆ పండు. అదే ఉచ్చారణతో ఇంకో అక్షరం రాస్తే బూజు వాన అని అర్థం. మా ఇంట్లో చెప్పులకు కూడా బూజు పట్టింది. కాగితాన్ని అనడానికేముంది.

నాకు మాత్రం ఒక్కసారిగా ఇల్లు గుర్తొచ్చింది. మా ఊళ్లో గుడ్డను కరక్కాయ రసంలో, గేదె పాలల్లో నానబెట్టి ఎండేస్తారు. పాలల్లో కొవ్వు వల్లే కలం నుంచి దిగిన నల్లరంగు పక్కకు పాకదు. పాలు సరిగ్గా పట్టని చోట గీత చెదిరిపోతుంది. చిన్నప్పుడు ఆ కంపు భరించలేక ముక్కు మూసుకుని పరిగెత్తేదాన్ని. ఇక్కడ పాల పని జిగురూ పటికా చేస్తున్నాయి. మా దగ్గర పటిక పని వేరే: అది పూసిన చోటే మంజిష్ఠ ఎర్రగా పడుతుంది. ఇదంతా నా అరకొర చైనీస్‌లో, సగం చేతులతో చెప్పా. గేదె పాలు అనగానే లావ్‌షీ ఫోన్ లాక్కుని అనువాదం సరిగ్గా చేసిందో లేదో చూసుకుంది.

ఆ మచ్చల బొమ్మను బాగు చేయొచ్చా అంటే తల అడ్డంగా ఊపింది. "కాగితం నువ్వే ఉడికించుకో."

జంతు చర్మంతో చేసిన జిగురు గింజలు, మన వడ్రంగులు పూర్వం వాడిన వజ్రం బంక లాంటివి, రాత్రి చన్నీళ్లలో నానబెట్టాను. పొద్దున వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి, మరగనివ్వకూడదు. పటికను విడిగా చన్నీళ్లలో కరిగించాలి. వేడి జిగురులో పటిక పడేస్తే పాడవుతుందని పాత చిత్రకారులు కూడా హెచ్చరించారట. జిగురు ఏడు పాళ్లు, పటిక మూడు, ఇది అందరికీ నోటికొచ్చిన లెక్క. మరి నీళ్లెన్ని? దానికి లెక్క లేదు. లావ్‌షీ వేలు ముంచి నాలుకకు రాసుకుంది, నన్నూ రుచి చూడమంది. నోరు కొంచెం వగరెక్కాలి, ముడుచుకోకూడదు. మొదటిసారి నాది ముడుచుకుంది.

వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో ఒకే వైపుకి, ఆపకుండా పూయాలి. తడిసిన పచ్చి కాగితం ఎంత బలహీనంగా ఉంటుందంటే, మొదటి షీట్ ఎత్తుతుంటే నా చేతిలోనే రెండయింది. రెండోది చిక్కగా పూసేసరికి ఆరాక అప్పడంలా పెళపెళలాడింది, మెరుపు కూడా వచ్చింది. ఆ మెరుపు మీద కుంచె జారుతుంది. పలచగా మూడుసార్లు, ప్రతిసారీ పూర్తిగా ఆరనిచ్చి పూస్తే అయిదో షీట్ కుదిరింది. మూల మీద నీటిబొట్టు వేసి చూశాం. తామరాకు మీద నిలిచినట్టు నిలిచింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. లావ్‌షీ మాత్రం గడియారం చూసుకుని, ఇంకో రెండు నిమిషాలు చూద్దాం అంది.

ఆ తర్వాత బొమ్మ పని మొదటిసారి కన్నా వేగంగా నడిచింది. రేకులకు పలచటి సిరా, ఆకులకు కాస్త ముదురు. రంగు వేసేటప్పుడు ఒకే చేతిలో రెండు కుంచెలు పట్టుకోవాలి, ఒకటి రంగుది, ఒకటి వట్టి నీళ్లది. రంగు పెట్టిన వెంటనే వేళ్ల మధ్య కుంచె తిప్పి, నీళ్ల కుంచెతో దాని అంచును కరిగించాలి. ఎక్కడ రంగు ఆగి ఎక్కడ తెలుపు మొదలైందో తెలియకూడదు. అన్నం తినేటప్పుడు చాప్‌స్టిక్స్ కూడా సరిగ్గా పట్టుకోలేని నాకు ఇది అలవాటయ్యేసరికి ఆగస్టు వచ్చింది. ఇంకో మాట: కుంచె మొన సరిచేయడానికి నోట్లో పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. వాళ్లు వాడే పసుపు రంగు ఒక చెట్టు జిగురు, అది విషం. రంగు ముట్టుకున్న మొదటి రోజే లావ్‌షీ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఈ పద్ధతిని వాళ్లు "మూడు పటికలు, తొమ్మిది పూతలు" అంటారు. మూడు, తొమ్మిది అంటే లెక్క కాదు, చాలాసార్లు అని. కొన్ని పొరలయ్యాక వాటి మీద పలచటి పటిక నీళ్లు పూస్తే కింది రంగు కదలదు, పైన మళ్లీ వేసుకోవచ్చు. నా తామరాకుకు ఇరవై ఒక్క పూతలు పడ్డాయి. ఆఖర్న రాతి పచ్చ రంగును కాగితం వెనక వైపు పూయమంది. ముందు పూస్తే మొద్దుగా కనబడుతుంది, వెనక పూస్తే లోపల్నుంచి వెలుగొస్తుంది. నిజంగానే వచ్చింది.

అక్టోబరులో బొమ్మకు కాగితం దన్ను వేయించడానికి తీసుకెళ్లాం. ఆ పెద్దాయన బొమ్మను బోర్లా పడుకోబెట్టి నీళ్లు చిలకరించాడు. నాలుగు నెలల పని నా కళ్ల ముందే తడిసి ముడతలు పడి పాత నోటులా అయింది. ఆ టెన్షన్‌లో నేను బయటికి వెళ్లి నిలబడ్డా. తిరిగొచ్చేసరికి పిండి జిగురుతో కొత్త కాగితం అంటించి, గోడకున్న చెక్క మీద అంచులు బిగించాడు. అలా వారం ఆరింది. ఊడదీసిన రోజు డప్పు చర్మంలా బిగుతుగా ఉంది. మచ్చ ఒక్కటి లేదు.

సంక్రాంతికి ఇంటికి తీసుకెళ్లా. నాన్న కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. చాలాసేపటి వరకు ఏమీ అనలేదు. తర్వాత, కొత్త గుడ్డ ఎవరు చూపించినా చేసినట్టే, వెనక్కి తిప్పాడు. తెల్ల కాగితం.

"రంగు వెనక్కి దిగలేదేమ్మా?"

దిగకుండా ఉండటానికే ఇంత కష్టమని, పచ్చరంగు వెనక ఉంది కానీ దాని మీద ఇంకో కాగితం అంటించారని, పటిక సంగతి అంతా చెప్పా. ఏడు, మూడు అని లెక్క చెప్పగానే అమ్మకేసి తిరిగాడు.

"ఒక చుక్క నీళ్లు తే. ఈ మూల వేసి చూద్దాం."

నేను బొమ్మ లాక్కున్నా.