గ్యాస్ట్రిన్ రిపోర్టు, పొద్దుటి గ్యాస్ మాత్ర

మా బాబాయి గారి రక్తపరీక్షలో గ్యాస్ట్రిన్ (జీర్ణాశయంలో ఆమ్లాన్ని ఊరించే హార్మోను) మిల్లీలీటరుకు 430 పికోగ్రాములని వచ్చిన రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. పరగడుపున అది సాధారణంగా 100 లోపు ఉండాలి. ఆంత్రమూలంలో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో, పుండు మానినట్టే మాని మళ్లీ రావడంతో డాక్టరు గారు ఈ పరీక్ష రాశారు. పేరు వెతకగానే మాకు కనిపించింది జోలింజర్-ఎల్లిసన్ సిండ్రోమ్, అంటే క్లోమంలోనో ఆంత్రమూలంలోనో పుట్టిన కణితి గ్యాస్ట్రిన్‌ను అదేపనిగా రక్తంలోకి వదిలే జబ్బు. 1955లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ సర్జన్లు రాబర్ట్ జోలింజర్, ఎడ్విన్ ఎల్లిసన్ ఇద్దరు రోగుల కథనంతో దీన్ని వివరించేనాటికి గ్యాస్ట్రిన్‌ను రక్తంలో కొలిచే దారే లేదు. అమెరికన్ శాస్త్రవేత్తలు బెర్సన్, యాలో ఇన్సులిన్ కోసం రూపొందించిన రేడియో ఇమ్యునోఅస్సే (రేడియోధార్మిక గుర్తుతో రక్తంలోని అతి కొద్ది మోతాదును కొలిచే) పద్ధతి తరువాత ఈ హార్మోనుకూ అక్కరకు వచ్చింది.

అయితే అంకె ఒక్కటే ఏమీ చెప్పదని మాకు ఆలస్యంగా తెలిసింది. జీర్ణాశయం చివరి భాగంలోని జి కణాలు గ్యాస్ట్రిన్‌ను వదిలితే ఆమ్లం ఊరుతుంది, ఆమ్లం పెరిగితే ఆ కణాలు వెనక్కి తగ్గుతాయి. బాబాయి గారు మూడేళ్లుగా రోజూ పొద్దున్నే వేసుకునే పాంటాప్రజోల్, మన ఇళ్లలో గ్యాస్ మాత్ర అని పిలుచుకునేది, ఆమ్లాన్ని అణచివేస్తుంది కనుక జి కణాలకు పగ్గం తెగి గ్యాస్ట్రిన్ పెరుగుతూ పోతుంది. జీర్ణాశయపు లోపలి పొర క్షీణించి ఆమ్లం ఊరనివారిలోనూ ఇదే జరుగుతుంది. కణితి ఉన్నవారిలో మాత్రం ఆమ్లం పొంగుతున్నా గ్యాస్ట్రిన్ తగ్గదు. అందుకే 1000 దాటిన విలువ కూడా జీర్ణాశయంలో పీహెచ్ 2 కంటే తక్కువ ఉన్నప్పుడే, అంటే ఆమ్లం గాఢంగా ఉన్నప్పుడే, కణితి వైపు గట్టిగా వేలు చూపుతుంది.

రక్తం తీసిన కుర్రవాడు పరగడుపేనా అని అడిగాడు, నమూనాను మంచులో పెట్టాడు, మాత్రల సంగతి మాత్రం అడగలేదు. వాళ్ల ఫారంలో ఆ గడే లేదు. అలాగని మాత్రను సొంతంగా మానెయ్యకూడదు, ఎందుకంటే నిజంగా కణితి ఉన్న మనిషిలో ఆమ్లం ఒక్కసారిగా ఎగసి పుండు రక్తం కారవచ్చు, చిల్లు పడవచ్చు. డాక్టరు గారు ఆమ్లాన్ని అంత గట్టిగా అణచని ఫామోటిడిన్ అనే మాత్రకు మార్చి, దాన్ని కూడా పరీక్షకు ముందు ఆపించి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో కాగితం మీద రాసిచ్చారు.

రెండు వారాల తరువాత వచ్చిన విలువ 84. అది సందిగ్ధంగా వచ్చి ఉంటే సిక్రెటిన్ అనే మరో హార్మోను ఇంజెక్షన్ ఇచ్చి చూసేవారట: గ్యాస్ట్రిన్ 120 పికోగ్రాములో అంతకు మించో పెరిగితే కణితిని అనుమానిస్తారు. బాబాయి గారికి అంతవరకు వెళ్లవలసిన పని పడలేదు. ఇప్పుడు ఏ ల్యాబుకు వెళ్లినా ఫారం అంచున తన మాత్రల పేర్లన్నీ తానే రాస్తున్నారు, పిన్ని గారి థైరాయిడ్ మాత్రతో సహా.