నీరు ఇంకని నేల, నిలవని నేల

గనుల వ్యర్థాలను నిల్వ చేసే చెరువుల గురించి చర్చ వచ్చినప్పుడల్లా, అడుగున బంకమన్ను పొర ఉంది కాబట్టి లోహాలు భూగర్భజలంలోకి దిగవని, భయపడనక్కరలేదని ఎవరో ఒకరు భరోసా ఇస్తుంటారు. ఆ భరోసా సగమే నిజమని నా అభిప్రాయం. మిగతా సగం తెలియాలంటే స్పెయిన్‌లోని సెవిల్ నగరానికి పశ్చిమాన ఉన్న అజ్నాల్‌కొల్యార్‌లో ఏం జరిగిందో చూడాలి.

1998 ఏప్రిల్ 25 తెల్లవారుజామున అక్కడి లాస్ ఫ్రైలెస్ గనికి చెందిన వ్యర్థాల చెరువు కట్ట తెగింది. లక్షల ఘనపు మీటర్ల ఆమ్లజలం, పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) బురద అగ్రియో నదిలోకి, అక్కడి నుంచి గ్వాదియమార్ నదిలోకి చేరి, దోన్యానా జాతీయ వనం అంచు వరకు 40 కిలోమీటర్ల మేర పరుచుకున్నాయి. 4,000 హెక్టార్లకు పైగా భూమి దెబ్బతింది. భూకంపమేదీ రాలేదు, కట్ట మీదుగా నీరు పొర్లలేదు. సుమారు 27 మీటర్ల ఎత్తున్న ఆ కట్టలో ఒక భాగం, తన కింది నేలతో సహా, దాదాపు 60 మీటర్లు ముందుకు జరిగింది. అంటే లోపం కట్టలో కంటే కట్ట నిలబడిన నేలలోనే ఎక్కువగా ఉంది.

ఆ చోట పైన కొన్ని మీటర్ల మందాన నది మేట, దాని కింద గ్వాదల్కివిర్ నీలి మార్ల్ అనే సున్నపు బంకమన్ను ఉన్నాయి. నీటిని దాదాపుగా ఇంకనివ్వని ఆ మన్ను, లోహాలు కిందికి దిగకుండా ఆపడానికి అన్ని విధాలా తగినదిగానే కనిపిస్తుంది. అయితే నీరు కదలని ఆ గుణమే నేల నిలకడకు ఎదురు తిరిగింది. కట్టను ఏళ్ల తరబడి ఎత్తు పెంచుతూ పోతే పైబరువు పెరుగుతుంది. మన్నులోని నీరు త్వరగా బయటపడలేదు కాబట్టి ఆ బరువులో చాలా భాగాన్ని నీరే మోస్తుంది, రేణువుల మధ్య ఒరిపిడి మాత్రం ఆ మేరకు పెరగదు. పైగా ఈ మన్ను పెళుసుది. ఒకచోట గరిష్ఠ బలం దాటి జారడం మొదలైతే అక్కడి పట్టు ఒక్కసారిగా పడిపోయి, ఆ భారం పక్క భాగం మీద పడుతుంది, తరువాత దాని పక్క భాగం మీద. ఇలా స్వల్పంగా వాలి ఉన్న పొరల వెంబడి బలహీనత పాకుతూ పోయింది. మన నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారి గోడలను చీల్చే తీరు వేరు. ఇక్కడ ఉబ్బుతో పని లేదు, లోపల చిక్కుకుపోయిన నీటితోనే పని.

బురద పొలాలకు చేరాక నేల స్వభావం మరో రకంగా తీర్పు చెప్పింది. పైరైట్‌కు గాలి, నీరు తగిలితే గంధకామ్లం పుడుతుంది, ఆ ఆమ్లంలో జింక్, కాడ్మియం, రాగి కరిగి కిందికి దిగుతాయి. సున్నం సమృద్ధిగా ఉన్న పొలాల్లో ఆమ్లం విరిగిపోయి లోహాలు చాలావరకు పైపొరలోనే ఆగాయి. సున్నం లేని పొలాల్లో నేల ఆమ్లగుణం పెరిగి అవి మరింత లోతుకు చేరాయి. బురదను ఎత్తివేశాక శుద్ధి కోసం చక్కెర కర్మాగారాల్లో మిగిలే సున్నపు మడ్డిని చల్లడం, ఇనుము ఎక్కువగా ఉన్న ఎర్రమట్టిని కలపడం ఈ కారణంగానే. ఎర్రమట్టి అవసరం ఆర్సెనిక్ వల్ల వచ్చింది: అది ఇనుప ఆక్సైడ్లకు అతుక్కుని ఉంటుంది, సున్నం మోతాదు మించితే ఆ అతుకు సడలుతుంది. ఒక లోహానికి మందైనది మరొకదానికి విడుదల కావచ్చన్న సంగతిని నివేదికలు ఒక వాక్యంలో దాటవేయడం నాకు నచ్చదు.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని విషయంలో ఈ సంగతి మరింత పట్టించుకోదగినది. అక్కడ యురేనియం, సున్నపురాయిని పోలిన డోలమైట్ రాతిలో ఉంది. ఆమ్లం వాడితే రాయే దాన్ని తినేస్తుంది కాబట్టి సోడియం కార్బనేట్, బైకార్బనేట్ ద్రావణాలతో ఖనిజాన్ని కరిగిస్తారు. అటువంటి చోట ఆమ్లజలం పుట్టే అవకాశం తక్కువని ఊరట చెందవచ్చు గాని, యురేనియం కార్బనేట్‌తో జతకట్టి క్షారజలంలోనే సులువుగా ప్రయాణిస్తుంది. గ్వాదియమార్ పొలాల్లో జింక్‌ను ఆపిన సున్నపు గుణం ఇక్కడ అడ్డుగోడ కాదు. కాబట్టి వ్యర్థాల చెరువు అడుగున ఎంత మందాన బంకమన్ను పరిచారని అడిగేవారు, దాని కింది డోలమైట్‌లో పగుళ్లు ఎలా ఉన్నాయో, బోర్లకు నీరు ఏ దిశ నుంచి వస్తుందో కూడా అదే గట్టిదనంతో అడగాలి. అజ్నాల్‌కొల్యార్ వంటి నేలలోనైతే నీరు ఇంకే వేగాన్ని కొలిచిన పట్టికతో పాటు, మన్నులోని నీటి పీడనం కట్ట పెరిగే కొద్దీ ఎలా మారిందో చూపే పట్టిక కూడా చేతికి రావాలి.