పదిహేను లచ్చల జీతం

మొన్న ఆదివారం పొద్దున్నే మా పక్కవీధి పిల్లోడు ఇంటికొచ్చాడు. వాళ్ళ నాయనకు తుమ్మలపెంట దారిలో రొయ్యల గుంటలున్నాయి. వైట్‌స్పాట్ రోగం తగిలి వరసగా రెండు పంటలు పోయినాయి. వీడు బీకాం ముగించి ఇక్కడే కావలిలో ఒక ఆడిటరు దగ్గర చేస్తుండాడు. కూర్చోకముందే ఫోను నా ముఖం ముందు పెట్టాడు.

"మామా, ఉగాండాలో నెలకు పదిహేను లచ్చలంట! కెన్యాలో నైరోబీ వాళ్ళు డెబ్బై వేలే ఇస్తామంటుండారు. ఇంక ఆలోచించేదేముంది?"

వాడి కళ్ళల్లో ఆ వెలుగు చూసి నాకు కడుపులో దేవినట్టయింది. 2009 నుంచి 2018 దాకా ఉగాండా రాజధాని కంపాలాలో ఒక హార్డ్‌వేర్ కొట్లో లెక్కలు రాసినవాణ్ణి నేను. మొదటి జీతం కవరులో లక్షలు చూసి ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. తెల్లారి టీ తాగితే వెయ్యి అడిగారు.

వాడి చేత కాగితం మీద లెక్క వేయించాను. కెన్యా షిల్లింగు ఒకటికి ఉగాండా షిల్లింగులు 27, 28 వస్తాయి. అంటే నైరోబీ డెబ్బై వేలు ఎంత తక్కువ చూసినా ఉగాండాలో 19 లక్షల దగ్గర. మన రూపాయల్లోకి దించితే ఆ పదిహేను లచ్చలు 35 వేల చుట్టుపక్కల ఆగుతాయి. నైరోబీది 45 వేలు దాటుతుంది. వాడు రెండుసార్లు కూడి చూసుకున్నాడు.

"రెండూ షిల్లింగులే కదా మామా, ఇంత తేడా ఎట్టా వచ్చింది?"

బీరువాలోంచి నా డబ్బా తీశాను. అందులో మా సేఠు ఇచ్చిన రాగిరంగు బిళ్ళ ఒకటుంది. 1956 నాటి పది సెంట్లు. మధ్యలో చిల్లి, దాని చుట్టూ వంగిన ఏనుగు దంతాలు, ఒకవైపు 'ఈస్ట్ ఆఫ్రికా' అని. ఇంగ్లండు రాణి బొమ్మకు చోటు లేదు, పేరు మాత్రం అంచున తిప్పి చెక్కారు. మా తాత దాచిన చిల్లి కాణీ గుర్తొస్తుంది దాన్ని చూస్తే. చిల్లిగవ్వ లేదంటాం కదా, ఉగాండాలో ఇరవయ్యో శతాబ్దం మొదటిదాకా నిజంగానే గవ్వలకు చిల్లి పొడిచి, దారానికి గుచ్చి డబ్బుగా చెల్లించేవాళ్ళు.

గవ్వల తర్వాత అక్కడ చెల్లింది మన రూపాయే. మొంబాసా నుంచి రైలుమార్గం వేయడానికి ఇంగ్లీషు వాళ్ళు ఇక్కడినుంచి ముప్పై వేలకు పైగా కూలీలను తీసుకుపోయారు. వాళ్ళతోపాటు రూపాయి కూడా పోయింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వెండి ధర పెరిగి రూపాయి బలపడేసరికి, రూపాయల్లో అప్పులున్న అక్కడి తెల్లదొరలు గగ్గోలు పెట్టారు. 1920లో రూపాయి బదులు ఫ్లోరిన్ అనే డబ్బు తెచ్చి, మరుసటేడే దాన్నీ మార్చి షిల్లింగు పెట్టారు. రూపాయికి రెండు షిల్లింగులు. కెన్యా, ఉగాండా, టాంగన్యికా (ఇప్పుడది టాంజానియాలో ఉంది) అన్నిటికీ ఆ ఒక్క నోటే.

స్వతంత్రం వచ్చాక 1966లో మూడు దేశాలూ ఎవరి బ్యాంకు వాళ్ళు పెట్టుకుని ఎవరి షిల్లింగు వాళ్ళు అచ్చేసుకున్నారు. విలువ మాత్రం ఒకటికి ఒకటే. ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురు బిడ్డలన్నమాట. మా సేఠు గుజరాతీ. వాళ్ళ నాయన నైరోబీ సరుక్కు కంపాలా నోటే లెక్కపెట్టి ఇచ్చేవాడని చెప్పేవాడు. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియా వాళ్ళను 90 రోజుల్లో పొమ్మన్నప్పుడు ఆ కుటుంబం కట్టుబట్టలతో పోయి, ఇరవై ఏళ్ళకు తిరిగొచ్చింది. అంగళ్ళు నడిపేవాళ్ళను తరిమేసి, నోట్లు అచ్చేసుకుంటూ, ఆపైన యుద్ధాలు చేస్తే ఏ నాణెం నిలబడుతుంది?

1987లో ఉగాండాలో ముసెవేని ప్రభుత్వం వంద పాత షిల్లింగులకు ఒక కొత్త షిల్లింగు ఇచ్చింది. మార్చుకోవడానికి 30 శాతం పన్ను కూడా కోసుకుంది. ఇక్కడే అందరూ పొరపడతారు. కెన్యాకూ ఉగాండాకూ తేడా 28 రెట్లు అనుకుంటారు. పాత నోటుతో చూస్తే 2,800 రెట్లు! కెన్యా షిల్లింగేమో నూరేళ్ళ కింద రూపాయికి రెండైతే ఈరోజు ఒకటిన్నర. ఈ మాట ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అయితే కెన్యాది కూడా ఇనప ముక్కేం కాదు. నేను వెళ్ళిన కొత్తలో కెన్యా, ఉగాండాల మధ్య బుసియా సరిహద్దులో లారీల మధ్య నోట్లకు రబ్బరుబ్యాండ్లు చుట్టి, క్యాలిక్యులేటరు పట్టుకుని తిరుగుతూ డబ్బు మార్చే కుర్రాళ్ళు కెన్యా షిల్లింగుకు 25, 26 ఉగాండావి అనేవాళ్ళు. నేను తిరిగొచ్చేనాటికి 36. 2024 మొదట్లో అదే 24కు దిగింది. ఆ జూన్‌లో కెన్యా 200 కోట్ల డాలర్ల బాండు అప్పు తీర్చాలి, తీర్చగలదా అని అందరికీ భయం. డాలరు 160 కెన్యా షిల్లింగుల దాకా పోయింది. ఫిబ్రవరిలో కొత్త బాండు అమ్మి పాతదాంట్లో చాలావరకు తీర్చేయగానే కొన్ని నెలల్లో 130కి వచ్చింది.

నా సంగతి కూడా వాడికి చెప్పాను. 2011లో ఇక్కడ ఇంటికి స్లాబు వేయాల్సివుంది. జీతం నెలనెలా పంపకుండా, ఒకేసారి పంపుదామని అక్కడే కూడబెట్టాను. ఆ ఏడు ఉగాండాలో ధరలు 30 శాతం దాకా పెరిగాయి. ఏడాది మొదట్లో 2,300 ఉన్న డాలరు సెప్టెంబరుకు 2,800 దాటింది. నేను పంపిన డబ్బు చూసి మా నాయన ఫోను చేసి, "ఏంది నాయనా, ఇనుముకే సరిపోలా" అన్నాడు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి స్లాబు పోశారు.

పిల్లోడు బిళ్ళను వేలికి తగిలించుకుని ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. ఒక్కమాటే చెప్పి పంపాను. జీతం కాగితంలో డాలర్లలో రాస్తారా, షిల్లింగుల్లో రాస్తారా ఉగాండా వాళ్ళను అడగమని.

సాయంత్రం ఫోను చేశాడు.

"షిల్లింగుల్లోనేనంట మామా. డాలర్ల మాటెత్తితే విసుక్కున్నారు. నైరోబీ వాళ్ళకు ఇప్పుడే మెసేజ్ పెట్టాను."