సీతాకోకచిలుక అనుకుని పరువు పోగొట్టుకున్నాను

గాజు పెట్టెలో ఉన్నదాన్ని చూడగానే "సీతాకోకచిలుక!" అని మా అమ్మాయికి గొప్పగా చూపించాను. కింద చీటీ చదివి, "చిమ్మట అని రాసుంది నాన్నా" అంది. పక్కనున్నవాళ్ళు కూడా విన్నారు.

దాని పేరు మడగాస్కర్ సన్‌సెట్ మాత్. ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా ఉండదు. నాకు దొరికిన సాకు ఏమిటంటే, 1773లో దీన్ని మొదట వర్ణించిన ఆంగ్లేయ కీటక శాస్త్రజ్ఞుడు డ్రూరీ కూడా సీతాకోకచిలుకల్లోనే కలిపేశాడు. పగలే ఎగురుతుంది, వాలితే రెక్కలు నిలువుగా ముడుస్తుంది, పైగా తోకలు. ఎవరైనా పొరబడతారు లెండి. మీసాలు చూడాలట. సీతాకోకచిలుకకు చివర్లో చిన్న ఉబ్బు ఉంటుంది, దీనికి దారంలా సన్నగా ఉంటాయి.

ఇంకాస్త వంగి చూశాను. నల్లటి రెక్క మీద ఆకుపచ్చ పట్టీలు, వెనక రెక్కల్లో నిప్పుకణికల్లాంటి ఎరుపు. తల పక్కకు జరిపితే ఆకుపచ్చ మెల్లగా నీలంలోకి జారింది. అసలు రంగు నలుపొక్కటే. మిగతాదంతా వంపు తిరిగిన పొలుసుల మీద వెలుతురు చేసే గారడీ, సబ్బు బుడగ మీద కనిపించినట్టు.

గొంగళిపురుగుగా ఉన్నప్పుడు ఒంఫాలియా అనే విషపు మొక్క ఆకులు తింటుంది. ఆ విషం రెక్కలొచ్చాక కూడా ఒంట్లోనే ఉంటుంది. ఇంత సోకు అందుకే: "తింటే నీ ఖర్మ" అని పక్షులకు ముందే చెప్పడం.

మా అమ్మాయి అప్పటికి తోకలు లెక్కపెడుతోంది. ఒక రెక్కకు ఒకటి తక్కువొచ్చిందట, మళ్ళీ మొదలుపెట్టింది.