ఆ ఊపిరి నాది కాదు

2024లో వినాయక నిమజ్జనాలు అయిన వారానికి నాకు దగ్గు పట్టుకుంది. వానలు వెళ్ళే రోజుల్లో పర్లాకిమిడిలో దగ్గని మనిషి ఉండడు కాబట్టి పట్టించుకోలేదు. నాది కోర్టు దగ్గర జెరాక్స్ షాపు. పొద్దున్నుంచి రాత్రి దాకా టోనరు పొడి పీల్చేవాడికి దగ్గు రావడం వింతేమిటి అనుకున్నాను. ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళితే ఆయన కూడా అదే అన్నాడు. ఎక్స్‌రే ఊసెత్తకుండా ఆరు వారాల్లో రెండు రకాల యాంటీబయాటిక్‌లు, మూడు సీసాల సిరప్ వాడించాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. రాత్రి బనీను పిండితే నీళ్ళు కారేవి. 57 కిలోల వాణ్ణి 48కి దిగాను. బెల్టుకి మేకుతో మూడో కన్నం పొడుచుకుంటుంటే మా ఆవిడ చూసింది. "ఇంక చాలు, పదండి" అని జిల్లా ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

ఎక్స్‌రేలో ఎడమవైపు కింద సగం తెల్లగా ఉంది. నీరు చేరిందన్నారు. పైన ఒక మచ్చ ఉంది. కఫాన్ని సీబీనాట్ అనే మిషన్లో పెట్టారు. టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకి లొంగుతుందో లేదో రెండు గంటల్లో తేల్చేస్తుంది అది. ఉంది. లొంగుతుంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, టీబీ అనగానే నాకు పెళ్ళాం పిల్లలు గుర్తుకు రాలేదు. జాజ్ అనే అమెరికా సంగీతం వాయించిన చార్లీ క్రిస్టియన్ గుర్తొచ్చాడు. ఆ వెనకే జిమ్మీ బ్లాంటన్.

నాకీ జాజ్ పిచ్చి ఎలా అంటుకుందో చెప్పాలి. 1988లో ఇంటర్ చదువుతున్నాను. రాత్రిపూట మా నాన్నగారి రేడియోలో షార్ట్‌వేవ్ ముల్లు తిప్పుతుంటే వాయిస్ ఆఫ్ అమెరికా తగిలింది. విల్లిస్ కొనోవర్ అనే ఆయన, ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినవాళ్ళకి కూడా అందేలా ఒక్కో మాటా ఆగి ఆగి పలికేవాడు. కార్యక్రమం డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండు వాయించే 'టేక్ ది ఏ ట్రైన్'తో మొదలయ్యేది. మాకు అప్పటికి తెలిసిన రైలు నౌపడా నుంచి గుణుపురం పోయే నేరోగేజ్ బండి ఒక్కటే. పరిగెత్తి ఎక్కొచ్చు, దిగి మళ్ళీ ఎక్కొచ్చు. రేడియోలో పోయే ఈ రైలు ఏమిట్రా ఇంత వేగం అని నోరు తెరుచుకుని విన్నాను. మూసుకోలేదు ఇప్పటికీ.

చార్లీ క్రిస్టియన్ గిటారిస్టు. బెన్నీ గుడ్‌మన్ బ్యాండులో చేరింది 1939 ఆగస్టులో. ఎలక్ట్రిక్ గిటారుని శాక్సోఫోన్‌లా ఒక్కో స్వరం చొప్పున పొడుగ్గా పలికించి చూపించాడు. జెయిపురంలో బ్యాంకు ఉద్యోగం చేసే నా మిత్రుడు ఒకడికి 1941లో గుడ్‌మన్‌తో చేసిన 'సోలో ఫ్లైట్' ప్రాణం. నాకది పెళ్ళికొడుకు ముస్తాబులా ఉంటుంది. అంతా సవ్యమే, కానీ మనిషి కాస్త బిగుసుకుని ఉంటాడు. అదే ఏడాది హార్లెంలో మింటన్స్ అనే క్లబ్బులో, డ్యూటీ అయిపోయాక లుంగీ కట్టుకుని అరుగు మీద కూర్చున్నట్టు వాయించినవి చూడండి. జెర్రీ న్యూమన్ అనే కాలేజీ కుర్రాడు డిస్కు మీద గీసే మిషను మోసుకెళ్ళి పట్టుకున్నాడు వాటిని. 'స్వింగ్ టు బాప్' అని తర్వాత పేరు పెట్టినదాంట్లో మిషను తిరిగేసరికే క్రిస్టియన్ సోలో నడుస్తోంది. పల్లవి లేదు. మనం తలుపు తీసేసరికి లోపల కచేరీ సగంలో ఉన్నట్టు ఉంటుంది. స్టూడియోలో అయితే మూడు నిమిషాల రికార్డులో అతనికి చిన్న ముక్క దొరికేది. ఇక్కడ చుట్టు మీద చుట్టు వాయిస్తూనే ఉంటాడు. ఈ వాదన మా ఇద్దరి మధ్య ఇరవై ఏళ్ళుగా నడుస్తోంది. నాదే రైటు.

బ్లాంటన్ ఎలింగ్టన్ బ్యాండులో బాస్ అనే పెద్ద తీగల వాయిద్యం వాయించాడు. అప్పటిదాకా బాస్ అంటే వెనకాల లెక్క తప్పకుండా అడుగులు వేసేది. 1940లో డ్యూక్ పియానో, ఇతని బాస్ రెండే కూర్చుని చేసిన జంట రికార్డింగులు విన్నాక ఇంక బాస్‌ని వెనక నించోమనడానికి నోరు రాదు.

1942 మార్చి 2న క్రిస్టియన్ పోయాడు, 25 ఏళ్ళకి. జులై 30న బ్లాంటన్, 23 ఏళ్ళకి. ఇద్దరికీ టీబీయే, ఇద్దరూ శానటోరియంలోనే, అంటే టీబీ ఆసుపత్రిలోనే. ఆ మరుసటి ఏడాది అక్టోబరులో అమెరికాలోనే రట్గర్స్ విశ్వవిద్యాలయంలో, వాక్స్‌మన్ లాబొరేటరీలో, ఆల్బర్ట్ షాట్జ్ అనే కుర్రవాడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి టీబీకి పనిచేసే స్ట్రెప్టోమైసిన్ తీశాడు. అది రోగులకి అందేసరికి ఇంకొన్నేళ్ళు పట్టింది. మందు వచ్చాక కూడా మిగలనివాళ్ళు ఉన్నారు. ట్రంపెట్ ఫ్యాట్స్ నవారో 1950లో టీబీ, హెరాయిన్ రెండూ కలిసి తినేస్తే 26 ఏళ్ళకి పోయాడు.

స్ట్రెప్టోమైసిన్ అంటే నాకు ఇంకో భయం ఉంది. మా టెక్కలి మావయ్యకి చిన్నప్పుడు ఆ సూదులు నెలల తరబడి పొడిచారు. జబ్బు పోయింది గానీ చెవిలో కీచురాయి చేరింది, ఆయన పోయేదాకా అరుస్తూనే ఉంది. అందుకని టీబీ యూనిట్ డాక్టర్ని నేను అడిగిన మొదటి ప్రశ్న "చెవులకేమైనా అవుతుందా సార్?" ఆయన కాయితం మీంచి తలెత్తి చూశాడు. బతుకుతానా అని కదా అడగాలి. "ఇప్పటి మాత్రలతో చెవికి భయం లేదు. కంటిని చూసుకోవాలి, ఎర్ర రంగు ఆకుపచ్చ రంగు తేడాగా కనిపిస్తే వెంటనే రండి" అన్నాడు. ఆ మాత్రల్లో ఉండే ఇథాంబ్యుటాల్ అనే మందు సంగతి అది. ఆరు నెలలూ షాపు తెరవగానే ఎర్ర ఫైలు, పచ్చ ఫైలు పక్కపక్కన పెట్టి చూసుకునేవాణ్ణి.

బరువుని బట్టి మాత్రలు. 48 కిలోలకి రోజుకి మూడు. మొదటి రెండు నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. మొదటి రోజే ఒంటేలు నారింజ రంగులో వస్తుందని మా ఆశా కార్యకర్త దీదీ ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ హడలుకే పోయేవాణ్ణి. ఆవిడ ఒడియా మనిషి, తెలుగు గడగడా మాట్లాడుతుంది, తిట్టేటప్పుడు మాత్రం ఒడియాలోకి వెళ్ళిపోతుంది. వాకిట్లోంచే "భాయినా, ఔషధ ఖాయిలే కి?" అని, అంటే మందు వేసుకున్నావా అన్నా అని, కేకేసేది. వీధి వీధంతటికీ నా జబ్బు అలాగే తెలిసింది. కొందరు షాపుకి రావడం మానేశారు. వాళ్ళ సంగతి వదిలేద్దాం.

మాత్రల అట్ట వెనక అక్షరాలు చదవడం నా జబ్బులో జబ్బు. ఒక్కో మాత్రలో 75 మిల్లీగ్రాముల ఐసోనియాజిడ్ అని ఉంది. ఆ పేరు పట్టుకుని వెతికితే ఏం తేలిందంటే, దాన్ని రోగులకి ఇచ్చి చూసిన మొదటి చోట్లలో న్యూయార్క్ స్టేటెన్ ఐలండ్‌లోని సీవ్యూ ఆసుపత్రి ఒకటి. 1952లో ఆ వార్డుల్లో, మంచం దిగలేనివాళ్ళు డాన్సు చేస్తున్నారని పత్రికలు ఫొటోలు వేశాయి. క్రిస్టియన్ పోయింది ఆ సీవ్యూలోనే. సరిగ్గా పదేళ్ళ ముందు. అట్ట చేతిలో పట్టుకుని చాలాసేపు మంచం మీద కూర్చుండిపోయాను. మా ఆవిడ వచ్చి, "వేసుకున్నారా, చూస్తున్నారా?" అంది.

ఈలోగా నీరు తీశారు. బల్ల మీద దిండు పెట్టి, దాని మీదికి వంగమని, వీపులోంచి సూది దింపారు. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ళ రంగులో 900 మిల్లీలీటర్లు వచ్చింది. బీరు సీసా కంటే ఎక్కువ. అంత నీటిని లోపల పెట్టుకుని మేడ మెట్లెక్కానా అనిపించింది. తర్వాత ఊపిరికి కసరత్తు అని మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే బంతులు లేవాలి. 600, 900, 1200 అని అంకెలు. మొదటి వారం మొదటి బంతి ఒక్కటే, అదీ పళ్ళూడిన ముసలివాడిలా వణుకుతూ లేచేది.

అప్పుడే నా అభిప్రాయాలన్నీ తలకిందులయ్యాయి. అంతకుముందు నాకు జాజ్‌లో జాన్ కోల్ట్రేన్ తర్వాతే ఎవరైనా. 1961లో విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బులో 'చేజిన్ ద ట్రేన్' అని పదహారు నిమిషాల పాటు శాక్సోఫోన్ వాయించాడు, ఊపిరి తీసుకున్న జాడే తెలీదు. నవంబరులో అది పెట్టాను. మూడు నిమిషాలకి ఆయాసం వచ్చింది నాకు. తిండి లేని ఇంటి ముందు విందు వడ్డించినట్టు కోపం కూడా వచ్చింది. ఆపేశాను. జెయిపురం మిత్రుడికి ఫోన్ చేస్తే కీత్ జారెట్ వినమన్నాడు. ఆయన కూడా విపరీతమైన నీరసం జబ్బుతో రెండేళ్ళు పియానో ముట్టుకోలేని స్థితికి వచ్చి, 1998లో ఇంట్లోనే కూర్చుని నెమ్మది పాటలు రికార్డు చేశాడు. చాలామందికి అది కళ్ళనీళ్ళు తెప్పించే ఆల్బం. నాకు మాత్రం ఎవరో ఆపిల్ పళ్ళ సంచీ పట్టుకుని పరామర్శకి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడినట్టు అనిపించింది. జబ్బుపడ్డవాడికి అంత మెత్తదనం పడదు.

చివరికి శాక్సోఫోన్ వాయించే బెన్ వెబ్‌స్టర్ దగ్గర ఆగాను. అరిస్తే పులి, తగ్గితే వట్టి గాలి. ఆయన నెమ్మది పాటల్లో స్వరం అయిపోయాక కూడా గాలి మిగిలి ఉంటుంది. రీడు మీంచి సన్నగా, తడిగా, గుండెల్లోంచి వచ్చినట్టు. ఇదివరకు దాన్ని జిమ్మిక్కు అనేవాణ్ణి. పియానో వాయించే ఆస్కార్ పీటర్సన్‌తో 1959లో చేసిన ఆల్బం ఫోన్లో పెట్టుకుని, అతను ఊదినంతసేపూ నేను డబ్బాలో పీల్చాలి, అతను ఆపితే నేను ఆపాలి అని లెక్క పెట్టుకున్నాను. అతని ఒక వాక్యానికి నా బంతి నిలబడేది కాదు. సగంలోనే టప్‌మని పడేది.

డిసెంబరులో ఒక రాత్రి, పదకొండు దాటింది. నేను వేరే గదిలో, కిటికీలు తెరిచి పడుకునేవాణ్ణి. ఫోను తలగడ పక్కన పెట్టి వెబ్‌స్టర్ వింటూ కన్నంటుకుంది. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి లైటు వేసింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. "ఏమండీ! ఏమండీ! ఊపిరాడట్లేదా?" నేను గుడ్లు మిటకరించాను. ఆవిడ నా ఛాతీ మీద చెయ్యి పెట్టింది, మామూలుగానే కదులుతోంది. గదిలో మాత్రం ఎవరో "హ్ఫూ..." అని ఆయాసపడుతున్నారు. "ఆ ఊపిరి నాది కాదే, ఆయనది" అని ఫోను చూపించాను. ఆవిడ మంచం కోడు పట్టుకుని కూలబడింది. "దీన్ని డబ్బులిచ్చి కొంటారా ఎవరైనా? ఆసుపత్రిలో మీ పక్క మంచం ముసలాయన ఉచితంగా చేశాడు కదా" అంది. తర్వాత ఇద్దరం నవ్వాం. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు వస్తే మళ్ళీ ఆవిడకి టెన్షన్.

నేను అలా ఇంట్లోనే ఉండి నయం చేసుకోవడానికి కారణం కూడా 1959లోనే ఉంది. మాకు, అంటే జాజ్ వాళ్ళకి, అది తేలిగ్గా తీసిపారేసే సంవత్సరం కాదు. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆ ఏడాదిదే. లెస్టర్ యంగ్, బిల్లీ హాలిడే పోయిందీ ఆ ఏడే. అదే ఏడాది మద్రాసు టీబీ కేంద్రం, కొందరు రోగుల్ని శానటోరియంలో, కొందర్ని వాళ్ళ ఇరుకు ఇళ్ళలో ఉంచి మందులిచ్చి చూసి, ఇంట్లోవాళ్ళు కూడా దాదాపు అలాగే కోలుకుంటారని తేల్చింది. వాళ్ళ కుటుంబాలకి అదనంగా ముప్పేమీ లేదని ఆ తర్వాత తేలింది. లేకపోతే మా తాతల కాలంలోలా మదనపల్లె ఆరోగ్యవరం దాకా మంచం మోసుకెళ్ళాల్సిందే.

జనవరికి కఫంలో క్రిములు లేవన్నారు. నాలుగు మందుల్లో ఒకటైన పిరాజినమైడ్ ఆగాక కీళ్ళ నొప్పులు తగ్గాయి. అంబలి, గుడ్లు, చేపలు, ఏది పెడితే అది తిన్నాను. పోషణ కింద ప్రభుత్వం నెలకి 500 ఇచ్చేది 2024 నవంబరు నుంచి 1000 చేశారు. అందులో కొంత హెడ్‌ఫోన్‌కి పోయింది, ఆ సంగతి దీదీకి తెలీదు. మార్చిలో మూడు బంతులూ లేచాయి. వెబ్‌స్టర్ వాక్యం చివరిదాకా మూడోది పైనే నిలబడింది, ఆయన గాలితో సహా. ఏప్రిల్‌లో కోల్ట్రేన్ మళ్ళీ పెట్టాను. పదహారు నిమిషాలూ విన్నాను, బాగుంది. పాత స్థానం మాత్రం ఇవ్వలేకపోయాను.

మే నెలలో ఆఖరి మాత్రలు వేసుకున్నాను. 55 కిలోలు. ఎక్స్‌రేలో ఎడమ కింది మూల కాస్త మొద్దుబారి ఉంది, అది అలాగే ఉండిపోవచ్చన్నారు. దీదీ షాపుకి వచ్చి కార్డు మీద ఆఖరి గడి నింపింది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని క్రిస్టియన్ వింటున్నాను. "ఆరు నెలల్నుంచి చూస్తున్నా, ఏం వింటారు భాయినా అంత సీరియస్‌గా?" అంటే తీసి ఇచ్చాను. చెవికి ఒకవైపు ఆనించుకుంది. కాసేపు విని కనుబొమలు ముడేసింది.

"మధ్యలోంచి పెట్టారేం? మొదట్నుంచి పెట్టండి."

"ఇంతే ఉంది దీదీ" అన్నాను.