మెషిన్ కంటే ముందు

విశాఖ ద్వారకానగర్‌లో మా అన్న దగ్గర టాటూ పని నేర్చుకుంటున్నా. మొదట్లో షాపు తుడవడం, స్టెన్సిల్ గీయడమే, మెషిన్ ముట్టనివ్వలేదు. ఇప్పుడు సింథటిక్ చర్మం మీద గీతలు. ఎడమచేత్తో చర్మం బిగించి పట్టకపోతే గీత వణుకుతుంది. సూది లోతుకెళ్తే సిరా పాకేస్తుంది. వీడియోలు చూసి కిట్ కొని మనుషుల మీద మొదలెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది, అది ఒళ్లు కదా!

మొన్న పూర్ణామార్కెట్‌లో ఓ మామ్మ మోచేతి పచ్చబొట్టు చూపించింది. చుక్కల ముగ్గు. "ఎరుకలామె పొడిచింది బాబూ, నేనేడుస్తుంటే పాట పాడింది" అంది. కరెంటు మెషిన్‌కు న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ అనే టాటూ కళాకారుడు 1891లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఈవిడ చేతికి మాత్రం ఉత్త సూదులే. రంగు పచ్చబడి కాస్త పరుచుకున్నా, చుక్క వరస ఎక్కడా తప్పలేదు. ఎంత ఓపిక పట్టిన చేయో!

ఆ ముగ్గులన్నీ నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నా. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటివి ఉంటే, వాళ్లనడిగి ఫొటో పంపండి.